ఎప్పటిదాకా?

విటమిన్ ఇ క్యాప్సూల్ ఒక్కటైనా లేని ఇల్లు మన దగ్గర అరుదు. ఆకుపచ్చగా, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి నూనె కనిపించేంత పల్చటి పొరతో ఉంటుంది. దాన్ని మింగేవాళ్లకన్నా, పిన్నీసుతో పొడిచి ఆ నాలుగు చుక్కలూ కలబంద గుజ్జులో కలిపి ముఖానికి రాసుకునేవాళ్లే ఎక్కువేమో. మందుల షాపులో డాక్టరు చీటీ అడగకుండానే ఇస్తారు. బీపీ మాత్ర వేసుకునేటప్పుడు మనిషి రోగి. విటమిన్ వేసుకునేటప్పుడు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడు. ఈ తేడా మన మనసుల్లో ఎంత లోతుకు దిగిందో మా అన్నయ్య హెర్నియా ఆపరేషన్ కుదిరినప్పుడు నాకు తెలిసివచ్చింది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చూడాలన్నారు. చిన్నమ్మాయి, మా మేనకోడలి వయసుంటుంది. రోజూ వేసుకునే మందులన్నీ చెప్పమంది. అన్నయ్య బీపీ మాత్ర చెప్పాడు, షుగరు మాత్ర చెప్పాడు, ఇంకేం లేవన్నాడు.

"ఆ పచ్చ గొట్టం సంగతి చెప్పరేం?" అంది వదిన.

"అది మందు కాదులే. బలానికి."

డాక్టరు రాయడం ఆపి తలెత్తింది. "ఎంత పవర్ సార్? రోజుకెన్ని?"

"నాలుగొందలమ్మా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. లివర్‌కి మంచిదని రాశారు."

"ఎన్నాళ్ల నుంచి?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. పెద్దాడి పెళ్లికి ముందు నుంచీ అని వదిన తేల్చింది. మన ఇళ్లలో రోగాల చరిత్రకు క్యాలెండరు పెళ్లిళ్లూ గృహప్రవేశాలే.

"ఎప్పటిదాకా వేసుకోమన్నారు?"

ఆ ప్రశ్నకు ముగ్గురి దగ్గరా జవాబు లేదు. పెద్ద మోతాదులో విటమిన్ ఇ రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేస్తుందనీ, భయపడాల్సిందేమీ లేదుగానీ అది ఆపి కొద్దిరోజుల తర్వాత ఆపరేషన్ పెట్టుకుందామనీ, ఈలోగా లివర్ డాక్టరుకు ఒకసారి చూపించమనీ ఆ అమ్మాయి చెప్పి పంపింది. దారిపొడవునా అన్నయ్య చిరాకుపడుతూనే ఉన్నాడు. "విటమిన్‌కి ఆపరేషన్ వాయిదా ఏమిటే?"

ఆ రాత్రి వదిన పట్టుచీరల దుకాణం కవరు ఒకటి బయటికి తీసింది. కాగితాలన్నీ అందులోనే. చుట్టుకుపోయిన స్కానింగ్ ఫిల్ము, దాని రిపోర్టులో 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2'. రక్తపరీక్షలో కాలేయం దెబ్బను చూపే ఎస్‌జీపీటీ అంకె కింద ఎవరో పెన్నుతో గీసిన గీత. ఆ అడుగున అసలు చీటీ. నాలుగు మడతలు. వెనక మందుల షాపు వాళ్ల ఊదారంగు ముద్రలు ఒకదానిమీద ఒకటి పడి ఏ తేదీ ఏదో తెలియకుండా ఉన్నాయి. ముందువైపు క్యాప్సూల్ పేరు, 1–0–1 స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎన్నాళ్లో రాసిన చోట మాత్రం కాగితం మడత మీద అరిగిపోయింది. కిందికి వస్తే ఇంకో రెండు వాక్యాలు చెక్కుచెదరలేదు: బరువు తగ్గాలి, మూడు నెలల తర్వాత మళ్లీ చూపించాలి.

చాలాసేపు ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రాసిన డాక్టరును తప్పుపట్టడానికి అందులో ఏమీ లేదు. మందు రాశారు, గడువు రాశారు, చేయవలసిన అసలు పని రాశారు. ఊదా ముద్రలు పడింది మందుకే. బరువు తగ్గాలన్న వాక్యానికి ముద్ర వేసి సరుకు చేతికిచ్చే దుకాణం ఏ ఊళ్లోనూ లేదు.

ఆ తర్వాత కొంతకాలం ఈ క్యాప్సూల్ గురించి దొరికిందల్లా చదివాను. అన్నయ్యను గెలవాలని మొదలుపెట్టిన చదువు అది. చదివేకొద్దీ గెలుపు ఎటువైపుదో అంతుపట్టకుండా పోయింది.

ఎందుకంటే ఆ మందు గాలిమాట కాదు. కాలేయ కణాల్లో కొవ్వు పేరుకున్నప్పుడు దాన్ని కరిగించే పనిలో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. అవి కణాల పొరల్లో ఉన్న కొవ్వును ఒకదాని వెంట ఒకటిగా పాడుచేస్తూ పోతాయి. మూత సరిగా పెట్టని నూనెకు కొన్నాళ్లకు కనరు వాసన పడుతుంది చూడండి, రసాయనశాస్త్రం లెక్కలో అదీ ఇదీ ఒకే జాతి మార్పు. విటమిన్ ఇ ఆ గొలుసును మధ్యలో తెంపుతుంది. ఇది ఊహ స్థాయిలో ఆగలేదు. అమెరికాలో అరుణ్ సన్యాల్ అనే కాలేయ వైద్యుడి ఆధ్వర్యంలో 247 మంది మీద పివెన్స్ అనే ప్రయోగం చేసి 2010లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లందరికీ కాలేయంలో కొవ్వుతో పాటు వాపూ ఉంది. ఒక జట్టుకు రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ, ఒక జట్టుకు పయోగ్లిటజోన్ అనే షుగరు మందు, ఒక జట్టుకు ఉత్తుత్తి మాత్ర. 96 వారాలు. ముందూ వెనుకా కాలేయం నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో నూటికి 43 మందికి మెరుగైంది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 19 మందికి.

మొదట చదివినప్పుడు నా కన్ను 43 మీదే ఆగింది. అన్నయ్య మాటే నిజమేమో అనుకున్నాను. రెండోసారి చదివితే 19 కనిపించింది. ఏ మందూ లేని మాత్ర మింగి దాదాపు ఐదుగురిలో ఒకరు బాగుపడ్డారు. వాళ్లలో ఎవరైనా మన బంధువైతే, ఆ మాత్ర పేరు ఊరంతా పాకి ఉండేది కదా! మూడోసారి చదివినప్పుడు ఇంకొన్ని తగిలాయి. సగానికి పైగా జనానికి విటమిన్ ఇ వల్ల అనుకున్నంత మెరుగు రాలేదు. కాలేయం మచ్చకట్టి గట్టిపడటం, అంటే ఫైబ్రోసిస్, ఈ మందుతో చెప్పుకోదగినంత తగ్గలేదు. రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయించేది అదే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ప్రయోగంలోకి షుగరు ఉన్నవాళ్లను తీసుకోలేదు. అన్నయ్యకు చీటీ రాసిన రోజున షుగరు లేదు. మధ్యలో వచ్చింది. క్యాప్సూల్‌కు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

అన్నయ్యకు ఎస్‌జీపీటీ తగ్గిన మాట వాస్తవం. ఆ కవర్లోనే రెండో రిపోర్టు ఉంది. కానీ ఆ నెలల్లోనే కాఫీలో చక్కెర మానేశాడు, పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు నడకకు వెళ్లేవాడు. తర్వాత మోకాళ్ల నొప్పితో నడక ఆగింది, పండగల మీద పండగలొచ్చి చక్కెర తిరిగొచ్చింది, క్యాప్సూల్ మాత్రం మిగిలింది. మిగిలినదానికే ఘనత దక్కింది. ఇందులో అన్నయ్య అమాయకత్వమేమీ లేదు. ఒక మనిషి తన ఒంటి మీద తాను చేసుకున్న ప్రయోగంలో పోల్చి చూసుకోవడానికి రెండో మనిషి ఉండడు. ఆ మందు వేసుకోని అన్నయ్య ఎక్కడా లేడు.

విటమిన్ ఇ లాగా ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. ఆ ఆలోచన వెనక ఎంత ఆశ ఉందో తెలుసుకున్నాక నాకు దానిమీద జాలిలాంటిదే కలిగింది. 1956లో డెన్‌హమ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, వార్ధక్యానికి ఈ ఫ్రీ రాడికల్సే మూలం కావచ్చన్నాడు. పళ్లూ ఆకుకూరలూ బాగా తినేవాళ్లకు జబ్బులు తక్కువ. వాటిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. అయితే వాటినే విడదీసి మాత్ర కట్టి ఇస్తే? ఇంత సూటైన తర్కాన్ని ఎవరు కాదంటారు? ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద అలాంటి మాత్రలను ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువైంది. 1994లో ఆ ఫలితం ప్రచురించారు. అమెరికా, కెనడాల్లో 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద జరిగిన సెలెక్ట్ ప్రయోగంలో, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ మాత్రమే తీసుకున్న జట్టులో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో తేలింది. అన్నయ్య వేసుకుంటున్నది దానికి రెండింతలు. ఈ అంకెలు ఒక మనిషికి వచ్చే ముప్పును గోరంతే పెంచుతాయి, నిజమే. కానీ కాలేయం కోసం వేసుకున్న మాత్ర కాలేయం దగ్గరే ఆగదన్న సంగతి అంతవరకూ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది మాత్రం వీటన్నిటికన్నా చిన్న అధ్యయనం. జర్మనీలో మైకేల్ రిస్టో బృందం 2009లో ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ ఇచ్చారు. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలవుతుంది. షుగరు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు కావలసింది అదే. ఆ మేలు విటమిన్లు వేసుకోనివాళ్లకే కనిపించింది. వేసుకున్నవాళ్లలో కనిపించలేదు. నడిచినప్పుడు, పరుగెత్తినప్పుడు కండరాల్లో పుట్టే ఆ కాస్త ఫ్రీ రాడికల్సే శరీరానికి కబురట. నీ మీద పని పడింది, గట్టిపడు అని. ఆ కబురు చేరకముందే మాత్ర దాన్ని నొక్కేస్తుందని వాళ్ల వివరణ. తర్వాత కొందరు చేసిన అధ్యయనాల్లో ఇంత స్పష్టంగా రాలేదు కాబట్టి దీన్ని శిలాశాసనం చేయను. అయినా కాలేజీ గ్రౌండు చుట్టూ చెమటోడ్చి నడిచి వచ్చి, కాఫీకి ముందు ఆ క్యాప్సూల్ నోట్లో వేసుకునే అన్నయ్యను ఆ తర్వాత అంత నిశ్చింతగా తలుచుకోలేకపోయాను.

శత్రువు అని మనం పేరుపెట్టినది శరీరానికి కొంతవరకు పనిముట్టు. తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి ఫ్రీ రాడికల్స్‌నూ వాడుకుంటాయి. ఎంతవరకు అన్నదే అసలు ప్రశ్న. యాంటీ ఆక్సిడెంటుగా పేరుపడ్డ పసుపునే చూడండి: ఆ ప్రశ్నకు పప్పులో పసుపు ఒక జవాబు చెబుతుంది, పసుపు మాత్ర ఇంకో జవాబు చెబుతుంది. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ల లెక్కన ఉంటుంది; తిన్నదాంట్లోనూ రక్తంలోకి చేరేది బహు స్వల్పం. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, కలిపి ఇచ్చి చూస్తే రక్తంలోకి సుమారు 20 రెట్లు ఎక్కువగా చేరింది. ఆ సూత్రంతోనే ఇవాళ ఎన్నో మాత్రలు తయారవుతున్నాయి. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది గురించి అమెరికా వైద్యులు 2022లో రాశారు. వాళ్లలో ఏడుగురికి ఒకే రకం జన్యు లక్షణం ఉంది. ఒకరు చనిపోయారు. గ్రీన్ టీ సారం సంగతీ అంతే: కప్పుల్లో తాగినన్నాళ్లు ఏమీ లేదు, మాత్రగా మారి రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు పైన ఈజీసీజీ అనే గ్రీన్ టీ పదార్థం ఒంట్లోకి వెళ్తే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. కాలేయానికి మంచివని పేరుపడ్డవే కాలేయాన్ని దెబ్బతీయడం చూస్తే నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది.

అయితే ఇవన్నీ తెలిసినంత మాత్రాన తేలిపోయే విషయమా ఇది? మనం క్యాప్సూల్‌నే ఎందుకు పట్టుకుంటాం? అన్నయ్య చదువుకున్నవాడు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, వడ్డీ లెక్కలో పైసా పోనివ్వడు. చీటీ మీద కనిపించేవాటిలో క్యాప్సూల్ మాటను ఏళ్లు పాటించి, బరువు తగ్గాలన్న మాటను చూడనట్టు ఎలా ఉండగలిగాడు? బద్ధకం అని మొదట అనుకున్నాను. ఆ ఇంట్లో నాలుగు పూటలు భోంచేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. క్యూబాలో 293 మందితో చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఏడాదిలో ఒంటి బరువులో నూటికి 10 పాళ్లు, ఆ పైన తగ్గినవాళ్లలో 90 శాతం మందికి కాలేయపు వాపు జబ్బు పోయింది. మచ్చకట్టడం కూడా చాలామందిలో వెనక్కి మళ్లింది. ఏ క్యాప్సూల్ చేయలేని పని అది. కానీ అన్నయ్య ఎనిమిది కిలోలు తగ్గాలంటే విస్తట్లో చేయి అడ్డం పెట్టాలి. వదిన రెండోసారి అన్నం వడ్డించబోతే వద్దనాలి. వద్దంటే ఆమె ముఖం చిన్నబోతుంది, కూర బాగాలేదా అని అడుగుతుంది. పెళ్లికి వెళ్తే వియ్యపురాలు కొసరి వేసిన బొబ్బట్టు తిప్పిపంపాలి. మన ఇళ్లలో బరువు తగ్గడమంటే చాలామందిని నొప్పించడం. క్యాప్సూల్ ఎవరినీ నొప్పించదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, నీళ్లుంటే చాలు.

పైగా అది పంచిపెట్టడానికి వీలైన ప్రేమ. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరులో ఉన్న మా మేనల్లుడికి స్కానింగ్‌లో గ్రేడ్ 1 వచ్చిందని తెలియగానే అన్నయ్య ఒక డబ్బా నిండా అవే పంపాడు. ఆ కుర్రాడు వాళ్ల ఆఫీసులో ఒంటరివాడేం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని 2025లో తేలింది. అంతమందికీ ఇంట్లో ఒక పెద్దదిక్కు ఉంటుంది, ఆ పెద్దదిక్కు దగ్గర ఏదో ఒక డబ్బా ఉంటుంది. తండ్రి పంపినదాన్ని కొడుకు ఎన్నాళ్లు వేసుకోవాలో ఏ చీటీ మీదా లేదు. ఒకరికి రాసిన మందు చేతులు మారినప్పుడు పేరూ మోతాదూ మారకుండా చేరతాయి. ఎవరికి, ఏ స్థితిలో, ఎప్పటిదాకా అన్నవి దారిలో రాలిపోతాయి. ప్రయోగం చేసిన శాస్త్రవేత్తలు ఏళ్లు కష్టపడి సంపాదించిన జ్ఞానంలో సగం వాటిలోనే ఉంది.

లివర్ డాక్టరు నేను భయపడినట్టు కోప్పడలేదు. ఫైబ్రోస్కాన్ చేసి, కాలేయం గట్టిపడటం కంగారుపడేంత లేదన్నారు. నేను చదివినవి ఏకరువు పెట్టబోతే నవ్వి ఆపారు. "ఆ మందు చెడ్డదని నేను అనడం లేదమ్మా. సరైన మనిషికి నేనూ రాస్తాను. మీ అన్నగారికి రాసినప్పుడు షుగరు లేదు, ఇప్పుడుంది. అప్పటి మనిషికి రాసింది ఇప్పటి మనిషి వేసుకుంటున్నారు." తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "ఇది ఆపేద్దామండీ" అన్నారు.

అన్నయ్య ఆ మాటకు వెంటనే ఒప్పుకోలేదు. "ఆపితే ఏమన్నా అవుతుందేమో డాక్టరు గారూ" అన్నాడు. ఆ గొంతులో వాదన లేదు. ఇన్నాళ్లూ ఏ ఆపదా రాలేదు, అది దీని వల్లనేమో, ఇప్పుడు చేజేతులా తీసేస్తే అన్న బెరుకు ఉంది. మొదలుపెట్టినప్పుడు ఆయనకు ధైర్యం చెప్పడానికి ఒక డాక్టరున్నాడు, రిపోర్టు ఉంది, భయం ఉంది. ఆపడానికి ఎదురుగా ఉన్న కారణమల్లా ఏమీ జరగకపోవడమే. అంతకుముందు వరకు నేను అన్నయ్యది మొండితనం అనుకున్నాను. ఆ కుర్చీలో నేనుంటే? అమ్మ పోయాక ఎందుకు వెలిగిస్తున్నానో తెలియకుండానే వెలిగిస్తున్న రెండో దీపం నేను ఇప్పటికీ ఆపలేదు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. క్యాప్సూల్ ఆపిన మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయించారు. ఎస్‌జీపీటీ ఇంచుమించు అంతే ఉంది, పెరగలేదు, తగ్గలేదు. రిపోర్టు చేతిలో పట్టుకుని అన్నయ్య నాకు ఫోన్ చేశాడు.

"చూశావుటే? అన్నేళ్లు వాడాను కాబట్టే ఇవాళ ఆపినా పెరగలేదు."

పక్కనుంచి వదిన గొంతు వినిపించింది. "అది లేకపోయినా పెరగలేదంటే, దానివల్ల ఒరిగిందేమీ లేదనేగా?"

ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. ఒకే అంకె, ఒకే కాగితం. ఆ కాగితంతో ఎవరి మాటా కొట్టేయలేనని చెప్పి, ఈమధ్య నడక ఎలా సాగుతోందని అడిగాను.